నూట నలభై మూడు పీసోలు

ఈ పెట్టెల తాళంచెవి నా మెడలో వేలాడుతుంది,
మొలకు కట్టుకుంటే పడవ దిగేటప్పుడు నీళ్ళపాలవుతుందని.
వారానికోసారి, గాలి ఒప్పుకుంటే,
రోంబ్లోన్ రేవులో బాంకా పడవెక్కి
ఆరు దీవులు, పద్నాలుగు దుకాణాలు తిరుగుతాను.
నా పని చిన్నది:
గోడకి తగిలించిన ఇంటర్నెట్ పెట్టె పొట్ట విప్పి
చిల్లర లెక్కపెట్టడం.

ఒక పీసో వేస్తే పది నిమిషాలు.
లోకాన్ని ఇక్కడ బస్తాల్లెక్కన కొనరు,
చిటికెడు ఉప్పులా, కొసరు అడిగి మరీ కొనుక్కుంటారు.

ఎవరి నాణెమో వాసన చూసి చెప్పగలను.
చేప జిగురంటినది ఎపిఫానియోది.
తెల్లారగట్ల మూడింటికి వచ్చి
గాలి ఎటునుంచో, అల ఎంతెత్తో చూసుకుని
మిగిలిన ఏడు నిమిషాలకీ
పాత కోడిపందెం ఒకటి పెట్టుకుని వల సర్దుకుంటాడు.
సన్‌స్క్రీన్ పూత వాసనేసేవి
వీపున సంచులతో దిగేవాళ్ళవి.
జలపాతానికి దారి ఫోనునడుగుతారు.
ఆ జలపాతంలోనే ఈత నేర్చిన పెద్దాయన
పక్క బెంచీ మీద వేరుశనక్కాయలు ఒలుచుకుంటుంటాడు.
ఫోను వాళ్ళని ఎవరిదో పందుల దొడ్లో దింపుతుంది.
సాయంత్రం వచ్చి ఆయన్నే అడుగుతారు.
ఆయన దారిలో కుడీ ఎడమా ఉండవు,
సముద్రం వైపు, కొండ వైపు, అంతే.

ఒకసారి చొక్కా బొత్తాం దొరికింది.
ఒకసారి సాగ్గొట్టిన సీసామూత,
పీసో అంత గుండ్రంగా రావాలని
ఎంతసేపు రాతికి రుద్దాడో ఆ కుర్రాడు!
దాన్ని నేను దాచుకుని
లెక్కలో నా పీసో వేశాను.

హబగాట్ గాలి మొదలైన పూటే
ఇలుమినాడా దుకాణంలో పెట్టె ఖాళీ చేసి వచ్చాను.
ఆ రాత్రి కొండమీది టవరు
మోకాళ్ళ మీద కూలబడింది.
పదకొండు రోజులు సిగ్నల్ లేదు, పడవల్లేవు.
పన్నెండోనాడు వెళ్ళి,
గీకినా ఏం రాలదనుకుంటూ తాళం తీశాను.
నూట నలభై మూడు పీసోలు.

"ఎవరు వేశారివి?"
ఎండుచేపల మీది ఈగల్ని తోలుతూ
"అందరూ" అంది ఇలుమినాడా.

కారు బ్యాటరీ పుణ్యాన పెట్టె చావలేదట.
నాణెం పడితే పచ్చదీపం వెలిగేది,
అంకెలు పదినుంచి కిందికి దిగేవి.
వచ్చేదీ లేదు, పోయేదీ లేదు.
అయినా పొద్దువాలగానే ఎవరి బెంచీ మీద వాళ్ళు.
ఓడ టిక్కెట్లమ్మే డెల్ఫిన్
తన పాత మెసేజీలే పైకి చదివి నవ్వించేవాడట.
నర్సు పరీక్ష రాసిన జెస్సామే
ఫలితాల పేజీ గిర్రున తిరుగుతుంటే
పది నిమిషాలూ చూపు తిప్పేది కాదట.
సీసామూత కుర్రాడు ఈసారి నిజం నాణెమే వేశాడు,
దీపం వెలుతుర్లో గవ్వలాడుకోవడానికి.
ఎపిఫానియో యథాప్రకారం మూడింటికి.
గాలి సంగతి ఆకాశం చూసి చెప్పగల మనిషి.
నాణెం ఎందుకో మాత్రం చెప్పలేదు.

సిగ్నల్ లేని రోజుల డబ్బు ఎవరిది?
కంపెనీ కాగితంలో ఆ గడి లేదు.
ఆమె తన వాటా ముట్టలేదు,
నా సంచీ నోరు నాకూ తెరవబుద్ధి కాలేదు.
ఐస్‌క్రీం డబ్బాలో పోసి
ఎవరివి వారు తీసుకోండన్నాం.
ఎవరిదెంతో గుర్తులేదన్నారంతా.
అబద్ధం.
పాతికేళ్ళ కిందటి కోడిపెట్ట బాకీ కూడా
గుర్తుండే ఊరు అది.

మళ్ళీ వారానికి టవరు లేచింది.
నేను దిగేసరికి డబ్బా సగమైంది.
పడవ దిగిన ప్రతివాళ్ళకీ
ఇలుమినాడా ఒక పీసో తనే వేస్తోంది,
"చేరానని చెప్పుకో" అంటూ.

నాకూ వేసింది.
ఫోను పట్టుకుని నిలబడ్డాను,
చేరానని ఎవరికి చెప్పాలో తోచక
నాలుగు నిమిషాలు కరిగిపోయాయి.
అప్పుడడిగాను, ఫోనుని కాదు, బెంచీలని,
జెస్సామే పాసయిందా అని.

కొద్దిలో పోయిందట. మళ్ళీ రాస్తుందట.

మిగిలిన ఆరు నిమిషాలూ
సీసామూత కుర్రాడు నా ఫోను లాక్కుని
వాడేసుకున్నాడు.