ఏడు చుక్కలు

ముప్ఫై నాలుగు చలికాలాలు మంచు తోసే లారీ నడిపాను.
సుపీరియర్ సరస్సు మీంచి రాత్రికి రాత్రే వచ్చి పడే మంచు,
తెల్లారేసరికి రోడ్డేదో గట్టేదో తెలియని తెలుపు.
పన్నెండడుగుల ఇనుప రెక్క దించి
ముందుకు.
నాకు తెలిసిన విద్య అదొక్కటే.

అంత వేగంలో, అంత తెలుపులో
కొన్ని పోస్టుడబ్బాలు పడిపోతాయి మరి.
చప్పుడు కూడా వినపడదు.
పక్క అద్దంలో ఒక చిన్న ఎర్రజెండా
గాల్లోకి లేచి, మాయమవుతుంది.
ఎవరిదో, ఎన్నోసారో
జేబు నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి.
ఎందుకంటే చెప్పలేను. లెక్క ఉంటే నిద్ర పడుతుందని కాబోలు.

రిటైరైన రోజు గ్యారేజీ వాళ్ళు గోడగడియారం ఇచ్చారు.
ఇక టైముతో నాకేం పని?
అది సుల్హో కొడుక్కిచ్చి
వాళ్ళ నాన్న వాడిన స్క్రోల్ సా తెచ్చుకున్నాను.
ఐలీ నవ్వింది:
"నూలుపోగంత బ్లేడు, నీ చేతికా!"

మొదటి వారం పదకొండు విరిగాయి.
పలకని తోశాను. మంచుని తోసినట్టే తోశాను.
ఇక్కడ తోయకూడదట.
బ్లేడు ఉన్నచోటే కిందికీ పైకీ ఊగుతుంది, ఎక్కడికీ పోదు,
తిరగాల్సింది చెక్క.
మలుపు దగ్గర ఊపిరి బిగబట్టి
నిద్రపోయే పసిబిడ్డ తలని పక్కకి తిప్పినట్టు
తిప్పాలి.
అరవై ఆరేళ్ళకి నేర్చుకున్నాను.

బ్లేడు బిగించి గోటితో మీటితే ఖంగుమనాలి.
ఆ శబ్దం పట్టుకోడానికే నెల పట్టింది.
నా ఎడమ చెవిని లారీ ఎప్పుడో తినేసింది,
కుడి చెవి వంచి వింటాను.

అప్పుడు ఆ నోటుబుక్కు తీశాను.
ఎవరిది ఎక్కువసార్లు పడగొట్టానో వాళ్ళకే ముందు పేరుపలక.
లెంపి హామలైనెన్. నాలుగుసార్లు.
అమ్మో, ఏం పేరు!
మూడు 'ఏ'లు, ఒక 'ఈ', నాలుగింటికీ పొట్టలో చిల్లు.
ఒక్కో చిల్లుకీ డ్రిల్లు పెట్టి, బ్లేడు విప్పి,
సూదిలో దారంలా దూర్చి, మళ్ళీ బిగించి, మళ్ళీ మీటి,
లోపలి ముక్క టిక్కుమని రాలితే గాని
అది అక్షరం కాదు.
పైగా 'ఏ'ల నెత్తిన జంట చుక్కలు,
'ఐ' మీద ఇంకోటి.
పట్టపగలే ఏడు చుక్కలు చూపించిందా పేరు.
కోసినవి కోసినట్టే పొట్టులో కలిసిపోయేవి.
ఒకటి నా మేజోట్లో దొరికింది.

"చుక్కలు లేకపోతే ఏం?" అన్నాను లెంపితో.
ఆమె కాఫీ కప్పు కింద పెట్టింది.
"రాగి గని గుమాస్తా మా నాన్నతో అదే అన్నాడు.
ఇరవై ఆరేళ్ళు ఆయన
ఇంకెవరి పేరు మీదో జీతం తెచ్చాడు."

మారు మాట్లాడలేదు నేను.
ఇంటికొచ్చి ఏడూ మళ్ళీ కోశాను,
కందిబద్దంత ఒక్కొక్కటీ.
గరుకు కాగితం మీద చూపుడువేలితో రుద్దాను.
వేలి తోలూ కొంత పోయింది.

అక్టోబరులో బిగించాం.
లెంపి దూరం నుంచి చూసింది,
దగ్గరకొచ్చి చూసింది,
పెదవులు కదుపుతూ ఏడూ లెక్కపెట్టుకుంది.

జనవరిలో కొత్త డ్రైవరు, ఎవరో కుర్రాడు, పడగొట్టాడు.

కోపం రాలేదు.
ఆ వంపు దగ్గర రెక్క కుడికి లాగుతుంది, నాకు తెలుసు.
మోకాళ్ళ మీద కూర్చుని మంచు తవ్వాను,
ఈసారి చేతుల్తో.
పలక రెండు ముక్కలు. చుక్కలు ఆరు దొరికాయి.
"ఏడోది 'ఐ'దే అయ్యుంటుందిలే!"
కిటికీ కొంచెం తెరిచి లెంపి అరిచింది.
"అది గుమాస్తాకీ ఉండేది. పోనీ!"

బేస్‌మెంట్లోకి దిగాను.
కొత్త పలక తీసి, బ్లేడు బిగించి, మీటి విన్నాను.
రేపు గ్యారేజీకి వెళ్ళాలి.
ఆ కుర్రాడికి జేబులో పట్టే
నోటుబుక్కు ఒకటి ఇచ్చి రావాలి.