పప్పు శాతం

పొద్దున ఆరున్నరకు,
పెనుకొండ కొండకు ఇంకా ఎండ తగలకముందే
జాంగ్ సార్ కారెక్కుతాడు.
నాకు కొరియా మాట రాదు, ఆయనకు తెలుగు రాదు.
ఇద్దరి మధ్య దుబాసి ఫోను.

ఈ పొద్దు ఆ ఫోను
వార్తలు చదివే ఆడమనిషి గొంతుతో అడిగింది:
"కుల్లాయప్ప గారూ, మీ దేశమున
జీవన నాణ్యత ఏ విధముగా ఉన్నది?"

కంపెనీ వాళ్లు కాగితం పంపినారంట.
నీళ్లకు పదికెన్ని, గాలికి పదికెన్ని,
ఆస్పత్రికి, రోడ్డుకు, నిద్రకు పదికెన్ని.
వాళ్ల ఊరికొక గడి, మా ఊరికొక గడి.

నాణ్యత అంటే నాకు తెలిసింది మండీ ఒకటే.
సేటు మూట నడుమ చెయ్యి దోపి
గుప్పెడు శెనక్కాయ తీసి
ఒక్కొక్కటీ బొటనేలితో నొక్కేవాడు.
పప్పు ఒకపక్క, పొట్టు ఒకపక్క, తాలు ఒకపక్క.
వందకు డెబ్బై దిగితే నాయన నాకు బోండాలు కొనిచ్చేవాడు.
అరవై దిగితే
ఊరొచ్చేదాకా బస్సులో కిటికీ దిక్కే చూసేవాడు.

సరే సార్, ఒలుద్దాం.

మీ ఊర్లో కొళాయి తిప్పి అట్లే తాగొచ్చంట.
నిండు పప్పు.
మా బోరు ఎనిమిదొందల అడుగులు.
ఆ నీళ్లు తాగి మా అత్త పండ్లు పసుపుపచ్చ,
మోకాళ్లు మడవడం మరిచిపోయినాయి.

మీ రైలు నాలుగు నిమిషాలు లేటైతే
మైకులో క్షమించమంటారంట.
నాకు నవ్వొచ్చింది.
మా వాన నలభై రోజులు లేటైన ఏడు
ఎవురూ మమ్మల్ని క్షమించమనలే.

నా కొడుకు పుట్టింది ఆస్పత్రిలో కాదు.
అనంతపురం ఇంకా అంతదూరముండగానే
చెన్నేకొత్తపల్లి కాడ, అంబులెన్సులో.
డ్రైవరు లైట్లేసి, మొగం తిప్పుకోని నిలబడినాడు.
దీనికి పదికెన్ని, మీరే చెప్పండి.

ఆయన చాలాసేపు ఏం మాట్లాడలే.
తర్వాత ఫోను చెప్పింది:
"నా కుమార్తె రాత్రి పదకొండు గంటలకు
మూడవ ట్యూషన్ నుండి వచ్చును.
ఆమె ముఖమును నేను నిద్రలోనే ఎక్కువ చూచితిని.
పై అంతస్తులో పసివాడు నడిచినాడని
క్రింది వారు పోలీసులను పిలిచిరి."

నొక్కితే గాలి చప్పుడు.
తాలని నేననలే.
ఎవురి తాలు వాళ్లే ఏరుకోవాల.

అట్లని మా వీధిలో అందరం నవ్వుకుంటా
అరుగుల మింద కూసున్నామని రాసుకోవద్దు సార్.
కడుపునొప్పంటే పరిగెత్తుకొచ్చే ఆ పదిమందే,
మా తమ్ముడు ఎవురి పిల్లను చేసుకున్నాడో తెలిసినాక
నాలుగేండ్లు మాకు అగ్గిపుల్ల కూడా ఇయ్యలే.

రెండో గేటు వచ్చింది.
సెక్యూరిటీ రూము ఉండేకాడ మా ఎర్రచేను, నాలుగెకరాలు.
పదేండ్లకు ఏడేండ్లు తాలు పండిన చేను.
లెక్క ఇచ్చినారు. ఆ లెక్కతోనే ఈ కారు.
దానికోసం నేనేం ఏడవలే.
స్టీరింగు మింద నా బొటనేలే
ఊరికే దేన్నో నొక్కతా ఉంటాది.

"పదికి ఎన్ని?" అని మళ్లీ ఫోను.
బేరంలో ముందు నోరిప్పినోడు ఓడిపోతాడని నాయన మాట.
గేరు కాడ పెట్టుకున్న పొట్లం ఆయన చేతిలో పెట్టినా.

ఒక కాయ తీసి, నా మాదిరే నొక్కినాడు.
ఫట్‌మనింది.
రెండు పప్పులు, ఒకటి నిండుది, ఒకటి ముడతలది.
రెండూ నోట్లో ఏసుకున్నాడు.

ఆ చప్పుడును కూడా ఫోను మాటనుకొని
తెలుగులోకి తిప్పబోయి, తిప్పలేక,
"క్షమించండి,
అర్థం కాలేదు" అనింది.