జెండా మనిషి

ఆరుగురికి ఒక్కటే టోపీ ఇచ్చిండు కాంట్రాక్టరు,
పసుపుపచ్చది, లోపలి పట్టీ తెగింది.
జానిమియా దాన్ని తిప్పి తిప్పి చూసి
చెట్టెక్కే బిచ్యా నెత్తిన పెట్టి
గదవ కింద సుతిలి దారంతోని కట్టిండు.
నాకు ఎర్రగుడ్డ.
నా పాత చీర కొంగే, కందికట్టెకు కట్టుకున్న.
పేరు పెట్టి ఎవలు పిలువరు.
ఓ జెండా! అంటరు. పలుకుత.

మల్లేపల్లి దాటినంక, దేవరకొండ రోడ్డు మీద
నూటనలభై ఏడో నంబరు చింతచెట్టు.
సున్నం మీద నంబరు, నంబరు మీద చీమలు.
ఇటు తారు రోడ్డు, అటు బత్తాయి తోట,
నెత్తి మీద కరెంటు తీగ.
పడనీకె మిగిలింది
ఎండిన కాలువ పొంట మంచమంత జాగ.

జానిమియా ముందుగాల గొడ్డలి పట్టడు,
చూపు పడుతడు.
చుట్టు తిరిగిండు, గొడ్డలి మడమతోని మొదలును కొట్టి
చెవి ఆనిచ్చిండు.
"డొల్ల" అన్నడు. "రోడ్డు దిక్కు చెద తిన్నది.
ఇది మనం చెప్పిన దిక్కు పడేది కాదు,
బతిమాలాలె."

బండిల రెండు మోకులున్నయి.
నైలానుది పక్కకు పెట్టి, నారమోకును
మూర మూర చేతులకెల్లి తీసిండు, కండ్లు మూసుకొని.
పదకొండో మూర కాడ ఆగిండు.
ఒక పురి తెగి ఉన్నది.
పోయినేడు చింతపల్లి కాడ గిసొంటి పురే.
ఆ మాట ఎవలు అనలే.
లచ్చుమయ్య కాలు మాత్రం అందరికి యాదికొచ్చింది.
కత్తి తీసి మోకును మూడు తునకలు చేసిండు,
రేపు ఇంకెవలన్న వాడుతరని.
"దాని పైసలో?" అన్నడు కాంట్రాక్టరు.
"నా కూలిల కోసుకో."

పదకొండుకు లైను బందు పెట్టినమని ఫోనొచ్చింది.
అరగంటే.
అయినా బిచ్యాను ఎక్కనియ్యలే.
సచ్చిందన్న పామును సుత కట్టెతోని కదిపి చూస్తరు.
లైన్‌మన్ వచ్చి, ఎర్తు రాడ్డు తగిలిచ్చి,
ఊ అన్నంకనే
పిలగాడు తాడుతోని పైకి పోయిండు.

నేను చెట్టు పొడుగుకు రెండింతలు అడుగులేసి
వంపు అవుతల నిలబడ్డ.
బస్సు ఆగింది. పత్తి లారీ ఆగింది.
మిరప కూలోళ్ల ఆటో ఆగి తిట్టబట్టింది.
మోటరు సైకిలాయన సందుల నుంచి దూరిండు,
అవుతల పెండ్లట, ముహూర్తం దాటుతదట.
కందికట్టె హ్యాండిలుకు అడ్డం పెట్టిన:
"నీ ముహూర్తం నాకు ఎరుకలే అయ్యా,
ఇక్కడ చెట్టుది నడుస్తున్నది."

ఎనుక మిషను రంపం మోత. ముందు నోరు తీసిన్రు.
తర్వాత మోత ఆగింది.
చెట్టు మాట ఇనపడాలంటే
మిగిలింది చేతి రంపంతోనే కొయ్యాలంటడు జానిమియా.
సర్రు, సర్రు. టక్కున ఆగుడు. తుమ్మ చీల దెబ్బలు.
మూడు వేళ్ల మందం కొయ్యకుంట ఇడిసిపెడుతడు,
గా మూడు వేళ్లే
చెట్టును చెయ్యి పట్టి పండబెడుతయట.

అట. నేను చూడలే.
నాలుగేండ్లాయె ఈ పనికొచ్చి,
ఒక్క చెట్టు పడంగ చూడలే.
నా మొకం బండ్ల దిక్కే ఉండాలె.
చెట్టు పడుడు నేను డ్రైవర్ల మొకాలల్ల చూస్త.
బస్సు డ్రైవరు కండ్లు
మెల్లగ మీదికెల్లి కిందికొచ్చినయి,
ఎడమకు ఒరిగినయి,
ఆగినయి.
తిట్టే ఆటో తిట్టు మధ్యలనే ఇడిసింది.
పెండ్లాయన బండి దానంతటదే బందైంది.
నా కాళ్ల కింద తారు ఒక్కసారి ఊపిరి తీసింది.

పుల్లటి ఆకు వాసన వచ్చినంక
జెండా దించిన.

బండ్లు పోయినయి. పెండ్లాయన పోలే,
కొంచెం సేపు గట్లనే నిలబడి,
డిక్కిల నుంచి హెల్మెట్ తీసి పెట్టుకొని పోయిండు.

బిచ్యా టోపీ బోర్ల తిప్పి
దాని నిండ చింతకాయలు ఏరుకొచ్చిండు.
నూటనలభై ఎనిమిది, వేప.
ఇంకో టోపీ రావాలె, మంచి మోకు రావాలె,
అప్పటిదాక లేవనన్నడు జానిమియా.
మొద్దు మీద కూసున్నం ఆరుగురం.
పొద్దుగాల ఇక్కడ నీడుండె.