తావత్తు

చీమకుర్తిలో ఏజెంటంటే
క్వారీ గట్టున గొడుగేసుకుని రాయి బేరం కుదిర్చేవాడు.
జేబులో నాలుగు కంపెనీల కార్డులు, నోట్లో కిళ్లీ.
కొత్తగా మా ఆఫీసుకొచ్చిన ఏజెంటుకి
నోరు లేదు, కిళ్లీ లేదు, గొడుగు అసలే అక్కర్లేదు.
పొద్దున తొమ్మిదికి నేను సీట్లో కూర్చునేసరికి
రాత్రొచ్చిన ఫిర్యాదులన్నీ తెరిచి
ఒక్కోదానికి తగిలించిన ఫోటోలూ బిల్లులూ దించుకుని
టికెట్ నంబరు వేసి పేర్చిపెట్టి ఉంటుంది.

ఇదివరకు ఆ పని నాది.
పాలిషింగ్ లైన్లో పదకొండేళ్లు,
ఊపిరి గీరుకుపోయాక ఈ కుర్చీ.
నొక్కి, ఆగి, చక్రం తిరుగుతుంటే చూసి, మళ్లీ నొక్కి,
కరెంటు పోతే మళ్లీ మొదటికి.
అందుకే దాని మీద నాకు కోపం లేదు.
దానికి దుమ్ము పడదు,
అదొక్కటే అసూయ.

అది రాస్తుంది:
"స్లాబు. నలుపు. గీత ఒకటి. పొడవు నాలుగంగుళాలు."
నిజమే.
మా రాయి నల్లటద్దం.
గీత చూపిద్దామని ఫోనెత్తిన వాళ్లంతా
గీత వెనకాలే నిలబడి ఉంటారు:
కోయంబత్తూరులో తడిజుట్టుకి తువ్వాలు చుట్టినావిడ,
నాసిక్‌లో బనీను మీదున్న కాంట్రాక్టరు,
వంటగట్టెక్కి కూర్చున్న ఎవరి పిల్లాడివో అరికాళ్లు.
ఫిర్యాదుకి ఎవరూ తమను జతచెయ్యరు.
అయినా వచ్చేస్తారు,
మొహం నిండా రాతి చుక్కలతో.

మొన్న మంగళవారం
నాలుగువేల నాలుగొందల పదిహేడో టికెట్.
పొదిలి అవతల పల్లె. సమాధి పలక.
"పేరు తప్పు", అంతే రాశారు. జతచేసినవి మూడు.
ఏజెంటు మూడూ దించింది:
"ఆర్డరు కాగితం: రతమ్మ.
పలక ఫోటో: రతమ్మ.
రెండూ సరిపోయాయి. లోపం లేదు.
మూడోది మసగ్గా ఉంది, చదవలేకపోయాను.
టికెట్ మూసేయమంటారా?"

దాని తప్పేముంది?
కాగితానికీ రాయికీ వెంట్రుకంత తేడా లేదు.
కాగితం అడుగున సంతకం చూశాను.
ఖాసింపీరా. నేనే.
రంజాన్ నెల, మధ్యాహ్నం మూడు, వెనక కటింగ్ మిషన్ల రొద,
ఫోన్లో ఎవరో పేరు చెబుతుంటే టైపు కొట్టిన చెయ్యి నాదే.

మూడో ఫైలు పెద్దది చేశాను.
పాత డ్వాక్రా పొదుపు పుస్తకం అట్ట,
నూనె మరక కింద బాల్ పెన్ను అక్షరాలు.
ర వంకర, త బొద్దు,
దాని కింద నొక్కి నొక్కి పెట్టిన వత్తు.
సంతకం నేర్చుకున్న కొత్తలో
మనిషి ఎంత గట్టిగా పెడుతుందో అంత గట్టిగా.

మళ్లీ పలక దగ్గరికొచ్చాను.
పేరు మీదుగా, తేదీల మీదుగా
తలగుడ్డ చుట్టుకున్న పెద్దాయన,
ఫోను రెండు చేతుల్తో పట్టుకుని.
ఆయన చొక్కా జేబు దగ్గర పడింది
త కింద ఖాళీ.

"మూసెయ్యొద్దు" అని కొట్టాను.
కారణం అడిగింది.
"తావత్తు."
"అర్థమైంది. పలక మార్చడానికి పద్దెనిమిది రోజులు."
అది కాదబ్బయ్యా, అన్నాను తెరతో.
మన అక్షరం మంచిది,
మర్చిపోయినవాడి కోసం కింద కాస్త చోటుంచుతుంది.

ఆదివారం చినంకయ్యని బండెక్కించుకుని పోయా.
సన్న ఉలి, సుత్తి, నీళ్ల సీసా.
ముప్పావు గంట. గోరంత కొక్కెం.
తప్పు నాదేనని చెప్పాను పెద్దాయనతో.
"మిషన్ల మోతలో యాడ వినపడిద్దిలే" అని
మజ్జిగ తెచ్చాడు.

ఫోటో నేనే తీసి టికెట్‌కి తగిలించాను.
సోమవారం తొమ్మిదికి అది దించి పెట్టింది:
"ఫైలు ఒకటి. పేరు: రత్తమ్మ. సరిపోయింది."
ఫోను పట్టుకున్న నన్నూ,
ఖాళీ గ్లాసుతో ఆయన్నీ,
వంగి రాతిపొడి ఊదుతున్న చినంకయ్యనీ
అది రాయలేదు.
నలుపులో ముగ్గురం
ఆ ఫోల్డర్లోనే ఉన్నాం.