బూడిదలో మేకులు

పొగాకు మా నేల సారాన్ని ఏడేళ్లలో తాగేసింది.
ఎనిమిదో ఏట ఆకు అరచేయంత కూడా రాలేదు.
నాన్న కొలిమి ఆర్పి, తిత్తి విప్పి
"రాపహానాక్ నది పైకి పోదాం" అన్నాడు.

పోయేముందు ఇల్లు తగలబెట్టాం.

ఓక్ చెట్లకేం, వర్జీనియా నిండా అవే.
ఇనుమే లేదు. బ్రిస్టల్ నుంచి ఓడ రావాలి.
వచ్చిన కడ్డీని నాన్న ఎర్రగా కాల్చి
నాలుగు దెబ్బలకు మొన, రెండింటికి తల
తీయాలి, ఒక్కొక్కటీ.
అవన్నీ ఊరివాళ్ల గోడల్లోకే పోయేవి.
కమ్మరి ఇంటి తలుపు మాత్రం
తోలుపట్టీ మీద వేలాడేది.

రెండు రోజులకు బూడిద చల్లారింది.
అమ్మ జల్లెడ పట్టింది, పిండి జల్లించేదే.
ఒప్పందం తీరడానికి ఇంకా మూడేళ్లున్న విల్కిన్
దగ్గుతూ పారతో ఎత్తి పోశాడు.
లెక్క జెర్వేస్‌ది. వంద తర్వాత ఏమొస్తుందో వాడికి తెలీదు,
మళ్లీ ఒకటి.

పొయ్యికి ఎడమ మూలలో సన్నవి తగిలాయి.
వేలెడు కూడా లేవు. పదకొండు.
అమ్మ చేతుల్లో జల్లెడ ఆగిపోయింది.
తొట్టిని పడవెక్కిద్దామంటే
దాగలి ఒక్కటే పడవను ముంచేట్టుందన్నాడు నాన్న.
ఆగ్నెస్ అందులో పడుకున్నది ఒక్క వేసవి,
జ్వరాల వేసవి.
జెర్వేస్ లెక్కకని చెయ్యి చాపాడు.
అమ్మ ఇవ్వలేదు.

కొత్త చోట అడవి నరికే పని తప్పింది.
నాగలి ఎరగని చేను, ఎవరిదో,
చిన్న చిన్న దిబ్బల మీద మొక్కజొన్న మోళ్లు ఇంకా ఉన్నాయి.
గుమాస్తా కాగితం అది మాదంది.
గట్టున నాలుగు ఇళ్ల చట్రాలు,
వంచి కట్టిన గుంజలు, పైన ఏమీ లేకుండా.
వాళ్లు చాపలు చుట్టుకుని గుంజలు వదిలిపోతారు.
మేం గుంజలు కాల్చి మేకులు పట్టుకుపోతాం.

చలికాలంలో ఒకావిడ వచ్చింది, విరిగిన పారతో.
నాన్న అతికించాడు. కూలి ఎంతో చెప్పలేదు.
ఆమె కొలిమి వైపు చూడనే లేదు,
పార చల్లారేదాకా
మా వెనకున్న చేనునే చూస్తూ నిలబడింది.

మార్చిలో అమ్మకు మళ్లీ నెలలు నిండాయి.
"సన్నమేకులేమైనా ఉన్నాయా?"
పలకలు చిత్రిక పడుతూ అడిగాడు నాన్న.
"నిప్పులో మెత్తబడ్డాయి, వంగిపోతాయి."
అది అబద్ధమూ కాదు.
ఆమె నడుం దగ్గరి ముడి వైపు ఓసారి చూసి
మరి అడగలేదు.

ఆ రాత్రి దుప్పట్లోంచి సుత్తి వింటూ
నేను లెక్కపెట్టాను,
ఆరు దెబ్బలకొకటి.
పదకొండు దగ్గర ఆగుతాడనుకున్నా.
పన్నెండోది కొట్టాడు.