పిక్క నాది, పండు దానిది

వేగుచుక్క ఇంకా పొడవలేదు.
టార్చిలైటుతో ముందు నేను, వెనక కూర్మమ్మ వదిన,
ఆమె చంకన బిందె, బిందె మీద గరిటె చప్పుడు.
వస్తన్నామని ముందే చెప్పుకోవాల,
అది మర్యాద.

జీడితోటలో రాత్రి దాని పాళీ.
ఇసకలో అడుగులు చూస్తే
ఎవరో బరువైన మనిషి చెప్పుల్లేకుండా
నీళ్లకి తడుముకుంటూ పోయినట్టుంటాది,
వేళ్ల కొసల దగ్గర మాత్రం అయిదు గాట్లు.

పండు తింటాది, పిక్క ఉమ్మేస్తాది.
జీడిసొన దానికీ మంటే మరి.
నా చేతులు చూడండి,
రేషను మిషను మీద వేలు పెడితే
నేను నేను కాదన్నాది.

ఉమ్మినవన్నీ ఏరితే చిన్నగంప నిండుతాది.
పలాసలో తూకమేసే షావుకారికి
ఏది చేత్తో తుంచిందో, ఏది నోటితో తుంచిందో
ఏం తెలుస్తాది?

తుపాను మునుపు కొండ మీద దానికి పనసలుండేవి,
చెదపుట్టలుండేవి, ఎండని చెలమొకటి ఉండేది.
చెట్లన్నీ ఒరిగిపోయిన ఏడు
బడి వంటగదిలో దూరి
నూనెడబ్బా నాకి పోయింది.
పోయినేడు సోమేసన్న
మొగలిడొంక దాటి ఇంటికి రాలేదు.
వదిన ఆ మాటెత్తదు.
గరిట మాత్రం ఎవరికీ ఇవ్వదు.

ఇవాళ గట్టు మీది చెట్టుకి
ఒక కొమ్మ దులపకుండా వదిలేసింది.
"అదేటొదినా, పండినాయి కదా?"
"పక్కన చిన్నడుగులున్నాయి, చూళ్లేదా"
అన్నాది,
బిందె సొట్టపోయేలా కొడతా.