గోరంత

గిండీ స్టేషన్ మెట్లు దిగుతుంటే
టక్కుమనాల్సిన కుడి మడమ
టిక్కుమంది.
రబ్బరు బిళ్ళ ఎక్కడో రాలిపోయి
మేకు ఒక్కటే నేలతో మాట్లాడుతోంది.

హోటల్ లాబీలో నా కొలత మూడంగుళాలు.
ప్రిసిల్లా మేడం స్కేలు తేదు గానీ
కళ్ళతోనే కొలుస్తుంది.
తొమ్మిది గంటలు నిలబడి నవ్వాలి.
మొదటి గంట బాగానే ఉంటుంది, నడుము నిటారుగా,
లిఫ్టు అద్దంలో నేనేనా అనిపిస్తుంది కూడా,
అబద్ధమెందుకు.
మూడో గంటకి ఒళ్ళంతా జారి జారి
వేళ్ళ వెనక రూపాయి బిళ్ళంత చోట
కూలబడుతుంది.
పాలరాయి ఏ వైపు వాలుందో
పరిచిన మేస్త్రీకి తెలుసో లేదో,
నా కాలికి తెలుసు.

ఎక్కడం సులువే. దిగడమే,
ప్రతి మెట్టూ వెనకనించి తోస్తుంది,
చిటికెనవేలు పోయి చెప్పు గోడకి గుద్దుకుంటుంది.
గదికెళ్ళి విప్పేశాక
నేల కాస్త వెనక్కి ఒరిగినట్టుంటుంది.
పిక్కలు మాత్రం ఇంకా డ్యూటీ దిగవు.

స్టేషన్ బయట, గొడుగు కింద మునెయ్య.
చెప్పు లాగుతూ "అబ్బా" అన్నాను, అంతే.
"తెలుగామ్మా?" తలెత్తాడు.
రెండేళ్ళలో అరవం చాలానే వచ్చింది గానీ
నొప్పిని ఇంకా అందులో అనడం రాలేదు.

తన టైరు చెప్పులు నావైపు తోశాడు.
మూడంగుళాలు దిగాను.
ఎదురుగా ఉన్న బస్సు బోర్డు
ఉన్నట్టుండి పైకి పోయింది.

మడమలు రెండూ తిప్పి
కరెంటు బిల్లు చూసినట్టు చూశాడు.
"కుడిది ఓరనే అరిగుండాది. ఎడమది మొత్తం పోయుండాది.
బరువు ఒక కాలికే ఇస్తా ఉండావు.
ఆనుకునేదానికి ఏదో దొరికుండాది నీకు."
లాబీలో స్తంభం ఉంది, నిజమే.
ఎవరికీ చెప్పలేదు.

"ఒక అంగుళం కోసెయ్" అన్నాను.
నవ్వాడు.
"మడమ కోస్తే మూతి పైకి లేస్తాది.
ఇప్పుడు ముందుకి పడతా ఉండావు,
అప్పుడు వెనక్కి పడతావు.
దీని వంపు అచ్చులోనే వచ్చిందిమ్మా."
కత్తి రెండుసార్లు రాతికి నూరి
"గోరంత తీస్తా. అంతకి ఒప్పుకుంటాది."

కొత్త బిళ్ళలు, ఎనభై రూపాయలు.
స్పాంజి ముక్క ఊరికే పెట్టాడు.

మర్నాడు ప్రిసిల్లా మేడం
పైనించి కిందదాకా చూసి
బొట్టు ఇంకాస్త చిన్నది పెట్టుకోమంది.
మడమల దగ్గర ఆగలేదు.

నొప్పి రాకపోలేదు.
నాలుగో గంటకి వచ్చింది.
అప్పటిదాకా
స్తంభం ఒక్కతే నిలబడింది.